రాయి కోసం దాచిన డబ్బు

సూట్‌కేసు మూత పడటం లేదు. షిఫ్రా దానిమీద ఎక్కి కూర్చుంది. తల్లి ఎస్టెల్ మోకాళ్ళ మీద వంగి జిప్పు లాగుతోంది. ఆదివారం ఉదయం. మంగళవారం విమానం. మాంచెస్టర్ శివారు ప్రెస్ట్‌విచ్‌లో ఆగస్టు నెలాఖరు ముసురు ఎప్పటిలాగే కిటికీలకి అంటుకుని ఉంది. కింద వంటింట్లో ఎవరో టోస్టు మాడ్చారు.

గుమ్మంలో నానమ్మ హెట్టీ నిలబడింది. ఆమెకి ఎనభై ఒకటి. చేతిలో వేడినీళ్ళు పోసుకునే రబ్బరు సంచీ ఉంది.

"ఇది పెట్టుకున్నావా?"

"నానమ్మా! నేను వెళ్ళేది జెరూసలేంకి. ఉత్తర ధ్రువానికి కాదు."

"అక్కడ చలి ఉండదని ఎవరు చెప్పారే నీకు? అన్నీ రాతి ఇళ్ళు. జనవరిలో బయటికన్నా లోపలే చలి. మేం వెళ్ళినప్పుడు మీ తాతయ్య కోటు వేసుకునే పడుకున్నాడు."

"తాతయ్య మాంచెస్టర్‌లో కూడా కోటుతోనే పడుకునేవాడుగా!"

హెట్టీ నవ్వింది. కానీ కళ్ళు సూట్‌కేసు మీదే ఉన్నాయి. ఇంట్లో ఎవరు పెట్టె సర్దినా ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేకపోయేది. చిన్నప్పుడు లివర్‌పూల్ రేవులో అన్నని కెనడా ఓడ ఎక్కించి చెయ్యి ఊపిన రోజు నుంచీ అంతే. వెళ్ళేవాళ్ళు నవ్వుతూ వెళతారు, బరువంతా నిలబడ్డవాళ్ళదే అనేది.

బడి చదువు అయ్యాక పిల్లల్ని ఒక ఏడాది జెరూసలేం పంపి మతశాస్త్రం చదివించడం మా యూదుల్లో పెద్ద మాట. ఆ వీధిలో పంపనివాళ్ళు తక్కువ. ఆ ఖర్చు మాత్రం తక్కువ కాదు. చదువుకి, వసతికి, విమానానికి కలిపి ఒక కారు కొనుక్కోవచ్చు. షిఫ్రా తండ్రి మెల్విన్‌ది కర్టెన్ల దుకాణం. జనం కంప్యూటర్‌లో చూసి కర్టెన్లు తెప్పించుకోవడం మొదలుపెట్టాక దుకాణం తలుపుకి కట్టిన గంట మోగడం తగ్గిపోయింది. మొదట "మనవల్ల కాదు" అన్నాడు. తర్వాత ఏం చేశాడో, ఒకరోజు "కట్టేశాను" అన్నాడు. ఎలా అని ఎవరూ అడగలేదు. ఎస్టెల్ ఎందుకు అడగలేదంటే ఆమెకి తెలుసు.

కిందికి వచ్చి హెట్టీ కొడుకు ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ శ్మశానానికి వెళ్దాం. పిల్ల వెళ్ళేముందు తాతకి చెప్పి వెళ్ళాలి. సెప్టెంబరులో మన కొత్త సంవత్సరం కూడా దగ్గరికొస్తోంది."

మెల్విన్ కప్పు కింద పెట్టాడు. "వాన పడుతోందమ్మా."

"మాంచెస్టర్‌లో వాన తగ్గాక వెళ్దామనుకుంటే, నన్ను మోసుకెళ్ళే రోజే వస్తుంది."

"అది కాదమ్మా. సమాధి మీద పేరు చెక్కిన రాయి నిలిపేదాకా మనవాళ్ళు వెళ్ళరు కదా."

"ఏడాది లోపల నిలపాలి. మీ నాన్న పోయి ఏడాదిన్నర కావస్తోంది. ఆ రాయి చెక్కే రాళ్ళాయన నడుం నొప్పి ఇంకా తగ్గలేదా? వాడి నడుంకన్నా నీ మాటే ఎక్కువ వంకరపోతోందిరా."

"అత్తయ్యా, ఇంకో చెంచా జామ్ వెయ్యనా?" అంది ఎస్టెల్ గబగబా.

"జామ్‌తో నా నోరు మూయించకమ్మా. కోటు తెచ్చుకో."

కారులో షిఫ్రా ఒక్కతే మాట్లాడింది. తన గదిలో ఉండబోయే అమ్మాయి ఆంట్‌వెర్ప్ నుంచి వస్తోందట, గిటారు వాయిస్తుందట. మెల్విన్ అద్దంలోంచి తల్లిని చూస్తున్నాడు. తల్లి బయటికి చూస్తోంది.

శ్మశానం గేటు దగ్గర షిఫ్రా వంగి దారిలోని గులకరాళ్ళు ఏరింది. మాలో సమాధుల మీద పువ్వులు పెట్టరు, గులకరాయి పెడతారు. వచ్చి వెళ్ళామని అదే గుర్తు. నాలుగు రాళ్ళు ఏరి, తడి తుడిచి, మనిషికొకటి ఇచ్చింది.

చివరి వరసలో సిరిల్ సమాధి ఉంది. మట్టి కుంగి, అంచుల్లో గడ్డి పెరిగింది. తలవైపు చిన్న రేకు ముక్క, దానిమీద పేరు. అంతే. షిఫ్రా గులకరాయి పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

హెట్టీ మాత్రం ఆ సమాధిని చూడటం లేదు. పక్కదాన్ని చూస్తోంది. అక్కడ నిగనిగలాడే నల్లరాయి, బంగారు అక్షరాలు.

"హైమన్ బ్రోడీ కదూ ఇది?"

మెల్విన్ వంగి రేకు ముక్క మీది మట్టి తుడవడం మొదలుపెట్టాడు.

"మీ నాన్న పోయిన నాలుగు నెలలకి పోయాడు బ్రోడీ. ఆయన భార్యని ఓదార్చడానికి నేనే వెళ్ళాను. ఆమెకి రాళ్ళాయన పేరు చెప్పిందీ నేనే." హెట్టీ కొడుకు వైపు తిరిగింది. "వెనక పోయినవాడికి ముందు రాయి ఎలా వచ్చిందిరా? బ్రోడీ రాయి చెక్కడానికి వాడికి నడుం నొప్పి లేదా?"

"అమ్మా, ఇంటికి వెళ్ళాక మాట్లాడుకుందాం."

"మీ నాన్న ముందు చెప్పు."

మెల్విన్ టోపీ సరిచేసుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి గొంతు పిల్లాడి గొంతులా సన్నబడింది.

"రాయి పురమాయించలేదు. రాళ్ళాయనకి నడుం నొప్పీ లేదు, ఏమీ లేదు. నాన్న రాయి కోసం దాచిన డబ్బు షిఫ్రా చదువుకి కట్టేశాను. దుకాణం కాస్త పుంజుకోగానే తీర్చేద్దామనుకున్నాను. పుంజుకోలేదు."

"నాకు తెలుసు అత్తయ్యా," అంది ఎస్టెల్. ఆమె ఏడుస్తోంది. "తెలిసీ చెప్పలేదు. తప్పు నాది కూడా."

షిఫ్రా మొహం తెల్లబోయింది. "నా కోసం తాతయ్యని ఇలా వదిలేశారా? నన్నొక్క మాటైనా అడిగారా?"

"అడిగితే నువ్వు వద్దనేదానివి."

"అనేదాన్నే! ఇప్పుడూ అంటున్నాను. నేను వెళ్ళను. ఆ డబ్బు వెనక్కి అడగండి."

"వెనక్కి ఇవ్వరమ్మా."

"అయినా వెళ్ళను! అక్కడ కూర్చుని రోజూ తల్లిదండ్రుల్ని గౌరవించాలని చదువుకోనా? తాత రాయి అమ్ముకుని?" ఆమె చేతిలోని గులకరాయి జారి గడ్డిలో పడిపోయింది.

హెట్టీ వంగి ఆ గులకరాయి వెతికి, మళ్ళీ మనవరాలి చేతిలో పెట్టింది. గట్టిగా అరుస్తుందని మెల్విన్ ఎదురుచూశాడు. అరిచినా బాగుండేది.

"ఫీజు కాగితం వచ్చిన రోజు నువ్వు కుదరదన్నావు. గుర్తుందా?" అంది మెల్విన్‌తో.

"గుర్తుంది."

"నేనేమన్నాను?"

"వదిలెయ్యమ్మా."

"చెప్పరా."

"'మీ నాన్నయితే ఒంటి మీది కోటు అమ్మైనా పంపేవాడు, నువ్వేం తండ్రివి' అన్నావు."

"అన్నాను. నలుగురు ఆడవాళ్ళ ముందు అన్నాను. అప్పటికే ప్రార్థన అయ్యాక కేకు తింటూ అందరికీ చెప్పేసుకున్నాను, మా మనవరాలు జెరూసలేం వెళ్తోందని. నా గొప్ప కోసం నిన్ను పొడిచాను. పొడిచినవాళ్ళకి నొప్పి తెలీదు కదా." ఆమె షిఫ్రా గడ్డం పట్టుకుంది. "ఈ పిల్ల ఒక్కతే ఏ తప్పూ చెయ్యలేదు. శిక్ష దీనికి పడకూడదు. నువ్వు వెళ్ళు."

"నానమ్మా, తాతయ్య..."

"మీ తాతయ్య జీవితమంతా బస్సు కోసం ఎదురుచూసిన మనిషి. ఇంకో ఏడాది చూస్తాడు. నువ్వు వెళ్ళి రా. నువ్వొచ్చాకే రాయి నిలుపుదాం. దానిమీది హీబ్రూ నువ్వు పైకి చదువు, నేను వింటాను. ఏం నేర్పారో తేలిపోతుంది."

షిఫ్రా ఆమె కోటులో మొహం దాచుకుంది. తర్వాత నలుగురూ వంగి, రాళ్ళని మట్టి మీదే, రేకు ముక్క పక్కన పెట్టారు.

గేటు దగ్గర కుళాయి ఉంది. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు చేతులు కడుక్కోవాలి. చెంబుని మాత్రం ఒకరి చేతినుంచి ఇంకొకరు అందుకోకూడదు. ఒకరు కింద పెడితే మరొకరు తీసుకోవాలి. దుఃఖం చేతులు మారకూడదని పెద్దల మాట. మెల్విన్ కడుక్కుని చెంబు గట్టు మీద పెట్టబోయాడు.

"నా చేతికి ఇవ్వు," అంది హెట్టీ.

"అమ్మా, అలా ఇవ్వకూడదు."

"తెలుసు. నీకంటే ముందు నుంచీ తెలుసు. ఇవ్వు. నీ మీదున్నదాంట్లో సగం నాదే."

అతను కదల్లేదు. ఆమే చెయ్యి చాచి, అతని వేళ్ళ మధ్యనుంచి చెంబు తీసుకుంది. నీళ్ళు ఇద్దరి చేతుల మీదా ఒలికాయి. మెల్విన్ అక్కడే, వచ్చేపోయేవాళ్ళ ముందే, తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "చాల్లేరా, కోటు తడుస్తోంది," అంది ఆమె. కానీ కదలకుండా నిలబడింది.

మంగళవారం షిఫ్రా వెళ్ళింది. ఆ ఏడాది మెల్విన్ దుకాణం మూసి, ఒక హోటళ్ళ కంపెనీలో పరదాల కొలతలు తీసే పనికి కుదిరాడు. నెలనెలా రాయి కోసం కొంత పక్కన పెట్టాడు. ప్రతి శుక్రవారం విశ్రాంతి దినం మొదలవకముందే, పొద్దు వాలేలోగా, షిఫ్రా ఫోను చేసేది. "అక్షరాలు మింగకుండా చదువుతున్నావా?" అని నానమ్మ అడిగేది. "జనవరిలో నిజంగానే లోపలే చలి, నానమ్మా," అని ఒకసారి చెప్పింది షిఫ్రా. ఆ వారమంతా హెట్టీ ఆ మాట అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

జూన్ నెలాఖరున షిఫ్రా తిరిగొచ్చింది. ఆ ఆదివారమే రాయి నిలిపారు. నల్లరాయి, రెండు సమాధులకీ కలిపి ఒకటే. సిరిల్‌ది, హెట్టీది, రెండు పేర్లు. షిఫ్రా హీబ్రూ పైకి చదివింది. ఎక్కడా తడబడలేదు. మెల్విన్ తల ఎత్తలేదు. రాయికి డబ్బు ముందే కట్టి ఉంటే భర్త రాయిని హెట్టీ కళ్ళారా చూసి ఉండేదన్న మాట అక్కడున్న ఎవరూ అనలేదు. అతను మాత్రం ఆ రోజు మొదలు ప్రతి ఆదివారం వెళ్తున్నాడు.

అంతకు నాలుగు నెలల ముందే, 2014 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం ఉదయం, ఊపిరి ఆడక హెట్టీని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె ఇంటికి తిరిగి రాలేదు. మర్నాడే ఖననం. మాలో ఆలస్యం చెయ్యరు. షిఫ్రాకి విమానం అందలేదు.