చివరి మాటలో ఇసుక

గురువారం పొద్దున 9.40.

సర్జాపుర రోడ్డుకు లోపలగా ఒక షెడ్డు. షెడ్డు వెనక వాలీబాల్ కోర్టు అంత ఇసుక గుంత. బెంగళూరుకు సముద్రం లేదు కాబట్టి, లారీలతో పోయించుకున్న దొంగ బీచ్ అది.

నారాయణప్ప నెట్టును లాగి బిగించే వించ్ హ్యాండిల్ ఆరు చుట్లు తిప్పాడు. నెట్టు బిగుసుకుంది. ఏడో చుట్టుకు ఠాప్‌మని చప్పుడైంది. వించ్ ప్లేటు స్తంభం నుంచి ఊడి, ఎగిరొచ్చి ఆయన గొంతు కింద కొట్టింది. అరవై ఆరేళ్ళ మనిషి ఇసుకలో బోర్లా పడ్డాడు.

10.15కి ఆంబులెన్స్‌లో ప్రాణం పోయింది. పోయేముందు రెండే మాటలు అన్నాడు. పక్కనే కూర్చున్న కానిస్టేబుల్ బసవరాజు వాటిని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

"మరళు తీసినారు."

మరళు అంటే కన్నడంలో ఇసుక. ఇంకేం, కేసు తేలిపోయిందని స్టేషన్ మొత్తం అనుకుంది. తొందరపడేవాళ్ళకు తెలివి ఎప్పుడూ వెనక బస్సులోనే వస్తుంది.

ఆ షెడ్డులో తయారయ్యేది భుజాన వేసుకుని పోగల బీచ్ వాలీబాల్ సెట్టు. రెండు మడత స్తంభాలు, ఒక నెట్టు, నాలుగు ఖాళీ సంచులు. అంతా కలిపి తొమ్మిది కిలోలు. బీచ్‌కు పోయాక సంచుల్లో అక్కడి ఇసుకే నింపాలి. ఆ బరువుకు స్తంభాలు నిలబడతాయి. నిలబెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

కాగితం మీద డిజైనర్ పేరు హర్ష. కంపెనీ ఓనరు, వయసు ముప్ఫై నాలుగు. కాగితం బయట డిజైనర్ నారాయణప్ప. నలభై ఏళ్ళు లేత్ మెషీన్ మీద బతికిన ఫిట్టర్. మడతలు ఆయనవే, వించ్ ఆయనదే. స్క్రూల తలల్లోకి ఇసుక దూరకుండా పెట్టిన నల్ల రబ్బరు టోపీలు కూడా ఆయన బుర్రలో పుట్టినవే. ఆయన జన్మలో సముద్రం చూడలేదు. శనివారం మల్పె బీచ్‌లో మొదటి డెమో. అక్కడ సముద్రం చూపిస్తామని హర్ష మాట ఇచ్చాడు.

సంచుల్లో ఇసుక నింపేది పిల్లప్ప. నారాయణప్పకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనే ఈ పనిలో పెట్టించాడు.

12.40కి పోలీసులు మహజర్‌కు, అంటే చోటు చూసి పంచనామా రాయడానికి, వచ్చారు. స్తంభం అడుగున ఉండాల్సిన సంచి సగం ఖాళీగా ఉంది. పక్కనే ఇసుక కుప్ప. సంచి బరువు తగ్గింది, స్తంభం ఊగింది, ప్లేటు ఊడింది. చచ్చిపోయినవాడు కూడా అదే చెప్పాడు. రెండు గంటలకు పిల్లప్పను పట్టుకొచ్చారు.

ఆయన కాదనలేదు. అదే వచ్చిన చిక్కు.

"నేనే చంపినానప్పా," అన్నాడు బసవరాజుతో. "పొద్దున నడుము నొప్పి ఉన్నింది. కడపటి సంచి నిండా పోసినానో లేదో నాకే గ్యాపకం లేదు."

లాకప్‌లో పెట్టేముందు బసవరాజు ఆయన జేబులు ఖాళీ చేయించి రిజిస్టర్‌లో రాశాడు. కళ్ళజోడు ఒకటి. బీడీ కట్ట ఒకటి. అగ్గిపెట్టె ఒకటి. పాత స్క్రూలు మూడు. అన్నీ కవర్లో వేసి సీలు వేశాడు.

శుక్రవారం పొద్దున 8.30కి ఇన్‌స్పెక్టర్ బాలాత్రిపురసుందరి సెలవు నుంచి డ్యూటీకి వచ్చింది. పేరెంత పొడుగో ఓపిక అంత పొట్టి. స్టేషన్‌లో అందరికీ సుందరి మేడమ్. చిక్కపేటలో మూడు తరాలుగా ఇనుప సామాను అంగడి నడిపే తెలుగువాళ్ళ ఇంటి పిల్ల.

మధ్యాహ్నం రెండు లోగా పిల్లప్పను మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అక్కడా "నేనే" అంటాడు. ఆ తర్వాత ఆ మాటను వెనక్కి తెచ్చే శక్తి ఆమెకు ఉండదు.

8.50కి నారాయణప్ప భార్య అనసూయ స్టేట్‌మెంట్ మీద సంతకం చేయడానికి వచ్చింది. నేరుగా లాకప్ ముందుకు పోయి నిలబడింది. పిల్లప్ప తల ఎత్తలేదు.

"నీకు పని ఇప్పించినోడప్పా ఆయన," అంది నిదానంగా. "నువ్వేమో పిడికెడు పిడికెడే పోసి ఆయన్ని పూడ్చేస్తివి. నీ చేత్తో తిన్నది అరగకుండా పోనీ."

అరిచి తిట్టినా బాగుండేది. ఆమె కేకలు వేయలేదు, ఏడవలేదు. పిల్లప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఉదయం ఇచ్చిన ఇడ్లీలు అలాగే ఉన్నాయి.

స్టేషన్ రైటర్ స్టేట్‌మెంట్ చదివి వినిపించాడు. భర్త చివరి మాట దగ్గర అనసూయ ఆపింది.

"మరళు అన్న్యాడా? మా ఇంట్లో ఆ మాటే లేదు కదమ్మా. ఎప్పుడూ ఇసుక అనే అంటాడు. నిన్న పొద్దున పోతా పోతా కూడా, తలలో ఇసుక పోయేదే లేదని గొణుగుతా పోయినాడు."

సుందరి చేతిలో పెన్ను ఆగింది. కాసేపు ఆమె స్టేషన్‌లో లేదు. చిక్కపేటలో, నాన్న తక్కెడ పక్కన, స్టూలు మీద కూర్చుని ఉంది. తర్వాత బసవరాజును పిలిచింది.

"నారాయణప్ప చెప్పింది సరిగ్గా వినపడిందా?"

"గొంతులో నెత్తురు మేడమ్. నోట్లో ఇసుక. ఇసుక గురించే అనుకున్న్యా."

"ఈ మాట ఎవరెవరికి చెప్పినావు?"

"ఆస్పత్రిలో హర్ష సార్‌కి. బయటోళ్ళలో ఆయనొక్కడికే."

"ఎన్ని గంటలకు?"

"11.10."

"నిన్న వాన ఎప్పుడు పడింది?"

బసవరాజు వింతగా చూశాడు. పదిన్నరకు మొదలై పది యాభైకి ఆగిందని, ఆస్పత్రి వరండాలో తానూ తడిశానని చెప్పాడు.

సుందరి సీజ్ చేసిన స్తంభాన్ని తెప్పించింది. వించ్ ప్లేటు ఊడిన చోట నాలుగు రంధ్రాలున్నాయి. టార్చి వేసి ఒక్కొక్కటే చూసింది. తర్వాత పిల్లప్ప సామాను కవర్ తెప్పించి సీలు చింపింది. అందులో ఉన్నది చూశాక, షెడ్డువాళ్ళందర్నీ పదకొండుకు ఇసుక గుంత దగ్గరికి రమ్మంది.

11.00 గంటలు. ఇసుక గుంత.

హర్ష వచ్చాడు. అమ్మకాలు చూసే అతని పార్ట్‌నర్ నవ్య వచ్చింది. స్తంభాలు బిగించే ఇంజనీర్ దీపక్ వచ్చాడు. పిల్లప్పను జీపులో తెచ్చి నీడలో నిలబెట్టారు. నీడలో కూడా ఆయనకు చెమట పోస్తోంది.

"స్తంభం ఎవరు బిగించారు?"

"నేనే మేడమ్," అన్నాడు దీపక్. "బుధవారం ఐదుకి. నాలుగు స్క్రూలు, నాలుగు టోపీలు. ఆరుకి ఇంటికి వెళ్ళిపోయా."

"నిన్న గేటుకు తాళం వేసింది?"

"నేను," అన్నాడు హర్ష. "ఆంబులెన్స్ వెనకే బయల్దేరాను. టెన్ ఓ క్లాక్."

"మళ్ళీ తీసింది?"

"మీవాళ్ళు వచ్చినప్పుడు. ట్వెల్వ్ ఫార్టీ."

"మధ్యలో?"

"ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళి బట్టలు మార్చుకున్నా. నవ్య, దీపక్ ఇద్దరూ ఒంటిగంట దాకా మీ స్టేషన్‌లోనే ఉన్నారు."

"తాళంచెవులు ఎన్ని?"

"ఒకటే. నా దగ్గరే."

సుందరి ఫోన్‌లో మహజర్ ఫొటో తెరిచి అందరి ముందూ పట్టింది. గుంత నిండా వాన చినుకులు గుచ్చిన మచ్చలు. ఇసుక అంతా అమ్మవారు పోసిన మొహంలా ఉంది. సంచి పక్కన కుప్ప మాత్రం నున్నగా, పొడిగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

"పది యాభై వరకు వాన పడింది. కుప్ప మీద చినుకు లేదు. అంటే సంచి ఖాళీ అయింది వాన ఆగాక. అప్పటికి నారాయణప్ప చచ్చి అరగంట దాటింది. చచ్చిన మనిషిని ఆ ఇసుక ఎట్లా చంపుతుంది?"

పిల్లప్ప మెల్లగా తల ఎత్తాడు.

"ఇసుక తీసినారని చచ్చేవాడు చెప్పినట్టు తెలిసిన మనిషే ఆ పని చేయాలి. బసవరాజు చెప్పింది ఒక్కరికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇసుక అనగానే వచ్చి సంచి విప్పినారు హర్షగారూ. దొరికింది సందు అనుకున్నారు. కానీ నారాయణప్ప ఇసుక అనలేదు."

ఆమె జీపులో తెచ్చిన స్తంభాన్ని వాళ్ళవైపు తిప్పింది.

"మరలు అన్నాడు. మీరు స్క్రూలు అంటారే, అవి. మా అంగట్లో పాత ఫిట్టర్లంతా పావు కిలో మరలు ఇయ్యప్పా అనే అడిగేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు ఆ మాట పోయింది. మా బసవరాజుది కన్నడం. మీది ఇంగ్లీషు. ఇద్దరూ కలిసి ఇసుక చేసినారు. బలంగా లాగితే మర ఊడి వచ్చేటప్పుడు రంధ్రంలో చుట్లు చెరిగిపోతాయి. ఇక్కడ ఒక్క రంధ్రమే చెరిగింది. మూడు రంధ్రాల్లో చుట్లు కొత్తవిగా ఉన్నాయి. ఆ మూడింట్లో నిన్న మరలే లేవు. పైన టోపీలు మాత్రం ఉన్నాయి. టోపీ కింద ఏముందో బయటికి కనపడదు కదా."

నవ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హర్ష మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, నేను తీశానని ప్రూఫ్ ఏది? చూసినవాళ్ళు ఎవరు?"

మంచి ప్రశ్న. దానికి జవాబు నీడలో నిలబడి ఉంది. రాత్రంతా లాకప్‌లోనే ఉంది. ఇసుక ఎంత పోసినావు, ఎన్ని గంటలకు పోసినావు అని స్టేషన్ మొత్తం ఆయన్ని అడిగింది. మరల గురించి ఒక్కరూ అడగలేదు.

సుందరి సీలు చింపిన కవర్ తీసింది. అడగకపోతే హర్ష తప్పించుకుంటాడు. అడిగితే పిల్లప్పకు ఈ జన్మలో నిద్ర ఉండదు. రెండూ ఆమెకు తెలుసు. తన ఉద్యోగం మీద ఆమెకు అసహ్యం వేసింది. అయినా అడిగింది.

"పిల్లప్పన్నా. ఈ మూడూ మీ జేబులోకి ఎట్లా వచ్చినాయి?"

పిల్లప్ప చూశాడు. మొదట అర్థం కాలేదు. మామూలుగానే చెప్పాడు.

"హర్ష సార్ ఇచ్చినాడు మా. బుధవారం ఆరున్నరకి. ఇవి తుప్పు పట్టేవి, ఉప్పునీళ్ళకి ఆగవు, పొద్దున్నే దీపక్ కొత్తవి ఏస్తాడు అన్న్యాడు. స్తంభం కదలకుండా నేను పట్టుకుంటి. మూడు తీసి, పారేయమని నా చేతిలో పెట్టినాడు. నారాయణప్ప సొంతంగా కోసిన మరలు ఇవి, బజార్లో దొరకవు. పారేసేదానికి మనసు రాలే. టోపీలు కింద పడి ఉంటే..."

ఆగిపోయాడు.

ఆయన మొహంలో అది దిగడం అందరూ చూశారు. బసవరాజు అటు తిరిగాడు.

"టోపీలు నేనే నొక్కినాను," అన్నాడు పిల్లప్ప. "రంధ్రాల్లోకి ఇసుక పోతాదని."

సుందరి ఒక మరను తీసి రంధ్రంలో పెట్టి వేలితో తిప్పింది. అది తన ఇంటికి తాను పోయినట్టు చివరిదాకా దిగింది.

హర్ష చేతులు విప్పాడు. గొంతు మొదటిసారి పెరిగింది. చంపాలనుకోలేదన్నాడు. డెమోకు ముందు ఆ వించ్ ఒకసారి ఫెయిలై నారాయణప్ప తలొంచితే చాలనుకున్నాడట.

"ఎందుకు?" అంది సుందరి.

జవాబు నవ్య చెప్పింది. ఈరోజు డిజైన్ పేటెంట్‌కు అప్లికేషన్ పోవాలి. అందులో తన పేరు కూడా ఉంటేనే డెమోకు వస్తానని నారాయణప్ప పట్టుబట్టాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. అసలు పేరూ, సముద్రమూ తప్ప ఏనాడూ ఏమీ అడగలేదు.

"ఎనిమిదో క్లాసు ఫెయిల్ మేడమ్ ఆయన," అన్నాడు హర్ష. "ఇంటర్నేషనల్ బయ్యర్స్ చూసే డాక్యుమెంట్ అది. నా పేరు పక్కన అదా?"

"ఒక మర తీస్తే ప్లేటు వదులవుతాది. ఫెయిల్ చేసేదానికి అది చాలు," అంది సుందరి. "మీరు మూడు తీసినారు. కొత్త బిగింపు ఏదైనా ముందు ఆయనే తిప్పుతాడని మీకు తెలుసు. ఎంత లాగితే ఎంత ఆగుతాదో లెక్క కట్టే చదువు కూడా మీదే. ఆయనది ఎనిమిదో క్లాసు కదా."

హర్ష చేతికి బేడీలు వేసి జీపు ఎక్కించారు.

మధ్యాహ్నం 1.30కి పిల్లప్పను వదిలేశారు. బసవరాజు కళ్ళజోడు, బీడీ కట్ట, అగ్గిపెట్టె తిరిగిచ్చి వేలిముద్ర వేయించుకున్నాడు. పిల్లప్ప ఇంకా చెయ్యి చాపే నిలబడ్డాడు.

"మరలు?"

"అవి సాక్ష్యం అన్నా," అంది సుందరి. "కేసు అయ్యేదాకా ఇవ్వలేం. మీ తప్పేం లేదు. మీరు చెప్పబట్టే వాడు దొరికినాడు."

పిల్లప్ప చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని తిప్పి చూసుకున్నాడు.

"ఇసుక అన్నప్పుడే బాగున్నింది మా. నడుముది తప్పు అనుకుంటి. ఇప్పుడు చేతులదైపోయ."

సుందరి మరల కవర్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది.

బయట బెంచీ మీద అనసూయ కూర్చుని ఉంది. కేసు మారిందని పన్నెండుకే ఎవరో చెప్పారు. ఇంటికి పోయి అన్నం కట్టుకొచ్చింది. పొద్దున అన్న మాటకు పిల్లప్ప కాళ్ళు పట్టుకోవాలని, ఆయన వచ్చేదాకా కదలనని రైటర్‌తో చెప్పిందట. టోపీల సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

పిల్లప్ప కిటికీలోంచి ఆమెను చూశాడు. గోడ పట్టుకున్నాడు.

"ఈ స్టేషన్‌కి ఇంకో వాకిలి ఉండాదా మా?"

"లేదన్నా," అంది సుందరి.