పాతదా, కొత్తదా

పొద్దున్నే కోడలు వంటగదిలోకి వచ్చిన చప్పుడు కాగానే వెనక గది తలుపు మూసుకుంది. తొమ్మిది రోజులుగా అత్తగారు పిల్లితో సహా ఆ గదిలోనే ఉంటోంది. కొడుకు ఆజ్ఞ.

మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో కోడలికి టాక్సోప్లాస్మా అని వచ్చింది. పిల్లుల నుంచి సోకే జబ్బు. కడుపులో బిడ్డకి పాకితే చూపో, మెదడో దెబ్బతినొచ్చు. ఇప్పుడే సోకిందా, ఎప్పుడో వచ్చి తగ్గిందా అన్నది ఆ పరీక్షలో తేలలేదు. ఇంకో పరీక్షకి రక్తం పెద్ద ల్యాబుకి పంపారు. ఆ రిపోర్టు ఈరోజు రావాలి. అందాకా కోడలికి మందులు; అత్తగారికి మంచం, ఒక కిటికీ.

"అత్తయ్యా, టీ తలుపు దగ్గర పెట్టాను."

"నువ్వెళ్లాక తీసుకుంటాలే. వాడు చూస్తే నిన్నే అంటాడు."

ఆ గొంతు వింటే కోడలికి మనసు చివుక్కుమంది. డాక్టరమ్మ మొదటి రిపోర్టు చూసిన రోజు ఇంకో మాట కూడా చెప్పింది, మట్టి వల్ల కూడా రావచ్చని. అప్పుడు భర్త బయట ఫోన్లో ఉన్నాడు. ఆరేళ్లుగా కోడలు మొక్కల నర్సరీలో ఒట్టి చేతులతో మట్టి కలుపుతోంది. చెబితే ఉద్యోగం మాన్పిస్తాడు. అందుకే నోరు మెదపలేదు.

భర్త బుట్ట తెచ్చి తలుపు కొట్టాడు. "అమ్మా, పిల్లినిందులో పెట్టు. ఎక్కడైనా వదిలేస్తాను."

"నన్నూ మీ అక్క దగ్గర దింపెయ్యరా. బిడ్డకేమన్నా అయితే ఈ ఇంట్లో నేను తలెత్తుకోలేను."

"సరే, బట్టలు సర్దుకో."

"ఆగండి," అంది కోడలు. "మట్టి వల్ల కూడా వస్తుందట. నాకు ముందే తెలుసు. నర్సరీ మాన్పిస్తారని దాచాను."

"తొమ్మిది రోజులా?" అన్నాడతను. అంతలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. కోడలు స్పీకర్ పెట్టింది.

"పాతదేనమ్మా. కనీసం నాలుగు నెలలు దాటింది. గర్భం రాకముందే సోకింది. బిడ్డకి భయం లేదు."

"దేని వల్ల వచ్చింది డాక్టర్?" అని కోడలు అడిగింది.

"అది ఏ పరీక్షా చెప్పదు."

తలుపు తెరుచుకుంది. "నన్ను తిట్టండి అత్తయ్యా," అంటూ కోడలు ఏడ్చేసింది.

"తిడతాలే, ముందు కూర్చో," అంది అత్తగారు. ఆవిడ కళ్లూ నిండాయి. "ఇన్నాళ్లూ నేనూ పిల్లినే తిట్టిపోశాను. ఒక్కసారి కూడా ఒళ్లోకి తీసుకోలేదు."

కొడుకు తల్లి పరుపు చుట్టి ముందు గదికి మోయబోయాడు.

"పరుపు మోస్తే సరిపోదు. రమ్మని పిలువు," అంది తల్లి.

పరుపు దించి పిలిచాడు. మొదటిసారి ఆవిడకి వినపడక రెండోసారి పిలవాల్సొచ్చింది.