పాస్టరు గారి కూతురు

పదహారు రోజుల్లో ఇద్దరు. మొదటివాణ్ని డోవర్ రేవులో కాల్చారు. రెండోవాడు లండన్‌లోని రహస్య గృహంలో, భోజనాల బల్ల దగ్గరే, విషంతో పోయాడు. ఇద్దరూ వార్సా నుంచి కోడ్ పుస్తకాలతో పారిపోయి వచ్చినవాళ్లే. మూడోవాడు గ్రోహోల్స్కీ, క్రోయ్‌డన్‌లోని ఒక ఇంట్లో ఇంకా బతికి ఉన్నాడు. మర్నాడు అతను కమిటీ ముందు నోరు విప్పాలి.

"ఆ ఇల్లు క్లీన్," అన్నాడు విభాగాధిపతి లాసెల్స్. "కాపలా ఉన్న మ్యూరియల్ వేన్ క్లీన్. కెంట్‌లో పాస్టరు గారి కూతురు. మూడుసార్లు విచారించాం."

"చనిపోయిన ఇద్దరికీ కాపలా ఎవరు సార్?" ఏజెంట్ ఎనిడ్ థర్లో అడిగింది.

"ఆమే. క్లీన్ అంటున్నానుగా!"

ఆ విభాగంలో ఆ విశేషణానికి చాకిరీ ఎక్కువ. నంబరు అరగదీసిన పిస్తోలు క్లీన్. ఒక్క తూటాతో తీసిన ప్రాణం క్లీన్. పట్టుబడనంత కాలం దొంగ పాస్‌పోర్టూ క్లీనే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎనిడ్ మాత్రం ఆ మాటను నేలకూ బట్టలకూ తప్ప వాడలేదు.

ఆ ఉదయమే ఆమె పనిమనిషి వేషంలో క్రోయ్‌డన్ చేరింది. ఏప్రన్ కింద పిస్తోలు.

"ఏయ్, మెట్ల మూలల్లో దుమ్ము అలాగే ఉంది," అంది మ్యూరియల్, మెడలో ముత్యాలు సర్దుకుంటూ. "కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?"

"కళ్లు తెచ్చానమ్మగారూ. మోకాళ్లే రానన్నాయి."

మధ్యాహ్నం గ్రోహోల్స్కీ తిన్న ప్లేట్లు మ్యూరియలే కడిగింది. కాపలా మనిషే కడగాలన్నది విభాగం నిబంధన. నురుగు తొట్టిలోంచి తీసిన ప్రతి ప్లేటునూ కుళాయి కింద పట్టి, నురుగంతా పోయేదాకా కడిగింది.

ఎనిడ్ చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. కెంట్‌లో ఏ తల్లీ కూతురికి అలా నేర్పదు. నురుగుతోనే తీసి స్టాండులో నిలబెడతారు, అంతే. ఈమె ఇంగ్లండులో పెరిగిన మనిషి కాదు. మూడు విచారణల్లో మగవాళ్లు ఆమె కాలేజీ గురించి అడిగారు, స్నేహితుల గురించి అడిగారు. వంటింటి వైపు ఒక్కడూ తొంగిచూడలేదు.

నాలుగింటికి మ్యూరియల్ టీ తెచ్చింది. గ్రోహోల్స్కీ కప్పు పెదవుల దాకా ఎత్తాడు.

"ఆగండి," గుమ్మంలోంచి అంది ఎనిడ్. "ముందు మీరు తాగండి, మిస్ వేన్."

"పనిదానివి, నీ హద్దులో ఉండు!"

"ఉన్నాను. తాగండి."

మ్యూరియల్ చేయి పౌడరు డబ్బా మీదికి పోయింది. మూత తెరుచుకుంది, లోపలినుంచి విషపు సూది లేచింది. అది గ్రోహోల్స్కీ మెడకు జానెడు దూరంలో ఉండగా ఎనిడ్ పేల్చింది. ముత్యాలు తెగి నేల మీద చాలాసేపు దొర్లాయి.

ఎనిడ్ అతని చేతిలోంచి కప్పు మెల్లగా విడిపించింది.

"ఇంకో కప్పు పెట్టమంటారా?"

"వద్దండీ, మీకు పుణ్యం ఉంటుంది," అన్నాడు గ్రోహోల్స్కీ పాలిపోయిన ముఖంతో. "మీ ఇంగ్లీషువాళ్ల టీ నాకు మొదటి రోజు నుంచీ సయించలేదు. మర్యాద కోసం తాగుతున్నాను."