ముసలయ్యను మోసేదెవరు

పాడె కట్టి చాలాసేపైంది. మోసేవాళ్ళు లేరు.

ఇనుం కార్ఖానా పక్క బస్తీ సీతారాండేరాలో తెలుగువాళ్ళ సందు పొడవునా మగవాళ్ళు నిలబడే ఉన్నారు. బీడీలు కాలుస్తున్నారు, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, సందు చివరి ఇంటి వైపు ఓరగా చూస్తున్నారు. ఒక్కరి కాలూ అటు పడటం లేదు. చనిపోయిన ముసలయ్య కొడుకు పోలరాజు తడిబట్టలతో గడప గడపా తిరిగి, ఆఖరికి చిలకమ్మ ఇంటి ముందు ఆగాడు.

చిలకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె అడ్డుకుంటున్నది పోలరాజుని కాదు. వెనకాల చొక్కా విప్పి, తువ్వాలు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్న సొంత కొడుకు సూర్యాన్ని.

“సిలకమ్మా, మీ అమ్మ ఒక్క మాటంటే సాలు,” అన్నాడు పోలరాజు. “ధర్మరాజు పెద్ద అదే సెప్పాడు. నూకమ్మ ఊఁ అంటే అందరం వత్తాం, ఆవిడ అనకపోతే ఎవులం రాం అని.”

లోపల మంచం మీంచి నూకమ్మ గొంతు లేచింది. “ఎవులే ఆడు?”

“పోలరాజమ్మా.”

“ఎల్లమను. నా మొగుణ్ణి మింగినోడికి నా ఇంటి భుజం కావాలేటి?”

పోలరాజు విన్నాడు. ముఖం తుడుచుకున్నాడు. “అయితే ఠేలా తెచ్చుకుంటాం,” అని వెళ్ళిపోయాడు.

ఠేలా అంటే పాత ఇనుము, కుళ్ళిన కూరగాయలు లాక్కెళ్ళే బండి. దిక్కులేని శవాలు సువర్ణరేఖ నది ఒడ్డుకు దానిమీదే పోతాయి. పోలరాజుతో పనిచేసే బెంగాలీలూ బిహారీలూ భుజం పడతామని పొద్దున్నే వచ్చారు. ముసలయ్య భార్య దాలమ్మ ఒప్పుకోలేదు. మోస్తే మనవాళ్ళు మోయాలి, లేదంటే బండి అంది.

“హటో నా, అమ్మా,” అన్నాడు సూర్యం, తప్పుకోమంటూ. “నలుగురు కావాలి. ఒకడు నేను.”

“మీ తాతని పట్టించినోణ్ణి మోత్తావేట్రా?”

“నానాకో మైనే నహీఁ దేఖా. తూనే దేఖా క్యా?”

 తండ్రిని చిలకమ్మ కూడా చూడలేదు. ఆయన్ని పట్టుకుపోయే ముందు రాత్రే ఆమె పుట్టింది.

ఆ కథ ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. జపాను విమానాలు కలకత్తా మీద బాంబులేసిన రోజులు. తర్వాతి వంతు ఇక్కడి ఇనుం కార్ఖానాదే అని ఊరంతా వణికిపోతున్న రోజులు. కార్ఖానా చుట్టూ తారు పీపాలు వరుసగా నిలబెట్టారు. సైరను కూయగానే గ్యాంగువాళ్ళు వాటిని అంటించేవారు. నల్లటి పొగ లేచి కొలుముల్నీ చిమ్నీల్నీ కప్పేసేది. పైనుంచి చూసేవాడికి కింద ఊరున్నట్టే తెలియకూడదు. చిలకమ్మ తండ్రి పోలయ్య ఆ పొగ గ్యాంగులో మనిషి. యుద్ధం అంటే ఫిరంగులూ తుపాకులూ అనుకునేవాళ్ళకు ఈ పొగ సైన్యం సంగతి తెలియదు. పోలయ్య డ్యూటీ నుంచి వస్తే పళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావనీ, ఉమ్మితే తారే పడేదనీ నూకమ్మ ఏటా తద్దినం నాడు చెప్పి ఏడ్చేది.

పీపాలు మండుతున్నంతసేపూ బస్తీలో దీపం కనపడకూడదు. కనపడితే శత్రువుకి సైగ చేసినట్టే లెక్క. దీపాలు ఆర్పించే పని ముసలయ్యది. ఇనప టోపీ, ఈల ఇచ్చారు. ఆ రాత్రి మా ఇంట్లో దీపమే లేదు, అనేది నూకమ్మ. కుళాయి దగ్గర తగువు మనసులో పెట్టుకుని ముసలయ్య లేని దీపాన్ని ఉందన్నాడు. సిపాయిల ముందు వేలెత్తి చూపించి, పోలయ్యే పెట్టాడు అన్నాడు. ఆ మాట సందంతా చెవులారా విన్నది. పోలయ్య జైల్లో జ్వరంతో పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు.

అప్పట్నుంచి ముసలయ్య ఇంటికి నిప్పూ నీళ్ళూ బందు. పెళ్ళికి పిలుపు లేదు, చావుకి పలకరింపు లేదు. ఎంతమంది ఎన్ని తిట్టినా ఆయన ఒక్కనాడూ కాదనలేదు. కాదనలేదు కాబట్టే అందరూ నిజమనుకున్నారు.

 చిలకమ్మ తలెత్తి చూసింది. దాలమ్మ వస్తోంది.

భర్త శవాన్ని వదిలి, నుదుటన రూపాయి కాసంత బొట్టుతో, చేతుల నిండా గాజులతో నడిచి వస్తోంది. మగవాళ్ళు గోడలకు అతుక్కుపోయి దారిచ్చారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. తిన్నగా వచ్చి చిలకమ్మ గుమ్మం ముందు నిలబడింది.

“పిన్నీ, నన్ను బతిమాలినా లాబం లేదు,” అంది చిలకమ్మ. “అమ్మ ఒప్పుకోదు.”

“బతిమాలడానికి రాలేదమ్మీ. బండి కుదిరిపోనాది. నిన్నోసారి దగ్గిర్నుంచి సూద్దామని వచ్చాను. నీ బొడ్డు కోసింది నానే. సెప్పిందా మీ అమ్మ?”

చెప్పలేదు. మంత్రసాని కోసిందని చెప్పింది.

“మంత్రసాని బాంబులకి బయపడి అంతకుముందే ఊరెల్లిపోనాది. ఈ సందులో ఆడది మిగిల్తే గదా.”

“దాలమ్మా, ఎల్లిపో,” అంది లోపల్నుంచి నూకమ్మ. ఆ గొంతులో కోపం లేదు. చిలకమ్మ అమ్మ గొంతులో ఎన్నడూ వినని బెదురుంది.

“పోతాను నూకా. మాటిచ్చినోడు పోనాడు. నానెవులికీ మాటివ్వలేదు.” దాలమ్మ గడప బయటే చతికిలబడింది. “ఇనమ్మీ. పురిటి గదిలో దీపం ఉండాల గదా. నీ తలకాడ నానే పెట్టాను. సైరను కూసింది. దీపాలార్పే డ్యూటీలో మీ బాబాయి తలుపు బాదాడు. నానే నోటితో ఊదేశాను. మా ఇంట్లో పిల్లలు ఏడుత్తంటే అటు ఎల్లాను. ఆ యేళ గాలి తిరిగి పొగంతా సందులోకి దిగిపోనాది. ఊపిరాడ్డం లేదు. కాసేపటికి సూత్తే మీ ఇంటి కిటికీ తీసుంది. కిటికీలో దీపం ఎలుగుతంది.”

“ఎవులెలిగించారు?” అన్నాడు సూర్యం. ఈసారి హిందీ ముక్క కలపలేదు.

“మీ బాబాయి పరిగెత్తికెళ్ళి అరసేత్తో నొక్కి ఆర్పాడు,” దాలమ్మ చిలకమ్మనే చూస్తూ చెప్పుకుపోయింది. “అప్పటికే సిపాయిలు సూసేశారు. ఎవరు పెట్టార్రా అని కొడతన్నారు ఈయన్ని. ఈయన నోరిప్పలేదు. తెల్లారి మీ అయ్య డ్యూటీ నుంచొచ్చాడు. సిపాయిల్ని సూశాడు, కిటికీని సూశాడు, తెలిసిపోనాది. నానే పెట్టుకుని డ్యూటీకెల్లిపోనాను అన్నాడు. ఆళ్ళు నమ్మలేదు, సాచ్చికం కావాలన్నారు. అప్పుడు ఈయన సెయ్యి పట్టుకున్నాడమ్మా మీ అయ్య. ‘తమ్ముడా, అవునని సెప్పు. లేదంటే పచ్చి బాలింతనీ బిడ్డనీ ఈడ్సుకుపోతారు. ఎన్నటికీ ఎవులికీ సెప్పకు’ అన్నాడు. అంటే ఈయన సెప్పాడు. పోలయ్యే పెట్టాడని. సందంతా ఇన్నాది ఆ మాటొక్కటే.”

దూరంగా ఇనప చక్రాల చప్పుడు. ఠేలా వచ్చింది. దాలమ్మ గోడ పట్టుకుని లేచింది.

“తలుపెనకాల ఇదంతా ఇన్న మనిషి ఒకర్తే ఉంది. మిగతాది ఆవిణ్ణడుగు. అడిగినా బయట మాత్రం సెప్పకమ్మీ. సెప్తే రేపు ఆవిడికీ ఠేలాయే.”

ఆమె వెళ్ళిపోయింది. సూర్యం తల్లి చేతిని పక్కకి జరిపి ఆమె వెనకే నడిచాడు. చిలకమ్మ ఆపలేకపోయింది. లోపలికి తిరిగింది.

నూకమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

“అది నోటికొచ్చింది వాగుతాది. మొగుడు పోయిన దుక్కం.”

“అమ్మా, సూర్యం పుట్టినప్పుడు నా పురిటి గదిలో దీపం పెట్టనిచ్చేవు కాదు.”

నూకమ్మ దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది.

“మా అత్త నీతో తగువాడింది, గుర్తుందా? దీపం లేని పురుడు ఏ ఇంట్లోనన్నా ఉందా, మీ అమ్మకి పిచ్చా అని నన్నడిగింది. అందరమ్మలూ దీపం ఆరిపోద్దేమోనని రాత్రంతా కూకుంటే, నువ్వు ఎవరన్నా ఎలిగిత్తారేమోనని కాపలా కూకున్నావు. ఎందుకమ్మా?”

“కళ్ళకి మంట. ఆ ఎలుగు నాకు పడదు.”

“ఆ రాత్రి ఎలిగించిందెవరు?”

“మీ నాయనమ్మ.”

“నాయనమ్మ అప్పటికి మన సొంతూళ్ళో ఉంది. బాంబులకి ముందే పంపించేశామని నువ్వే కదా చెప్పేవు.”

నూకమ్మ గిర్రున ఇటు తిరిగింది. ముఖం మీద చెమట. “నీకు ముందు ఇద్దరు పోనారే. తెల్లారేసరికి సల్లబడిపోనారు ఇద్దరూ. సీకట్లోనే. ఈ మూడోది కూడా సీకట్లో పక్కనుంటే, ఊపిరి తీత్తందో లేదో కనపడకపోతే, సైరను ఇంటావేటే? ఏ తల్లన్నా ఇంటాదేటి?”

“ఇనదమ్మా,” అంది చిలకమ్మ.  “దానికి నిన్నెవరూ ఏమీ అనరు. అయ్య కూడా అనలేదు. అయ్య పోయాక మాటేమిటి? ఆ మనిషిని అన్నేళ్ళూ సందులో కుక్కలా తిరగనిచ్చావు. నా పెళ్ళికి దాలమ్మ పిన్ని అక్షింతలు పట్టుకుని వస్తే నాచేత తలుపేయించావు. నా బొడ్డు కోసిన చేతుల్ని నా చేత తోయించావు.”

“సెప్తే నిన్నేటనేవోరు? అయ్యని తినేసిన గుంట అనేవోరు. పెల్లి అయ్యేదా నీకు? ఆడు మగోడు, ఓర్సుకున్నాడు.”

“అమ్మా, ఇప్పుడైనా బయటికొచ్చి ఊఁ అను. ఇంకేమీ చెప్పొద్దు. ఒక్క ఊఁ అంటే నలుగురొస్తారు.”

“అంటే ఎందుకన్నావని అడుగుతారు.” నూకమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది. “నానన్ను.”

చిలకమ్మ ఆ వీపు వంక చూసింది. బతిమాలితే కరిగే వీపు కాదది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

ఠేలా కదిలింది. ముందు పోలరాజు కుండ పట్టుకుని నడుస్తున్నాడు. శవం జారకుండా కొబ్బరితాడుతో కట్టారు. గతుకుల్లో పడినప్పుడల్లా ముసలయ్య తల అటూ ఇటూ ఊగుతోంది. బండి తోసేవాడి పక్కన సూర్యం చెయ్యి వేసి తోస్తున్నాడు. చిలకమ్మ బండికి అడ్డం పడింది.

“అన్నా, ఆపు. మనోళ్ళు మోత్తారు. నేను సెప్తాను ఆళ్ళకి.”

పోలరాజు ఆగాడు. ఆమె ముఖం చూసి అంతా అర్థమైనట్టు తల ఊపాడు. “మా అయ్య బతికున్నప్పుడు కావలసింది సెల్లీ ఆ మాట. ఒక్క పెళ్ళికి పిలుత్తారేమోనని కొత్త చొక్కా కుట్టించుకుని పెట్టుకున్నాడు. అదే తొడిగాం ఇయాల. ఇంక ఎవుల భుజమూ నానొల్లను. తప్పుకో.”

ఆమె తప్పుకుంది. బండి ఆమె పక్కనుంచి గడగడలాడుతూ పోయింది. వెనక దాలమ్మ లేదు. ఆడవాళ్ళు కాటికి పోరు కదా, గుమ్మంలోనే ఆగిపోయి, వద్దన్నట్టు చిలకమ్మకు చెయ్యి ఊపుతోంది.

టీ కొట్టు దగ్గర మగవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. సంఘం పెద్ద ధర్మరాజు బీడీ పారేసి ముందుకొచ్చాడు.

“ఏటమ్మా, మీ అమ్మ పంపిందా?”

“లేదు బాబాయ్.”

“మరి మీ గుంటడు బండి తోత్తన్నాడేటి? సొంత తాతని సంపించినోడి బండి.”

“మా అయ్యని సంపించింది ముసలయ్య బాబాయి కాదు.”

 బండి మలుపు తిరిగింది. దాని చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తోంది. ఇప్పుడు చెప్పినా పోయేవాడు వెనక్కి రాడు, మోయాల్సిన భుజాలు ముందుకి రావు. చెప్పకపోతే ఇంట్లో ఉన్న మనిషికైనా రేపు నలుగురు దొరుకుతారు. చిలకమ్మకు ఆ లెక్క తెలుసు. 

“ఆ దీపం మరెవులు పెట్టారు?” అన్నాడు ధర్మరాజు. “సందంతా ఇన్నాం కదా ఆడి నోటితో. మరెవులు?”

వెనక తన ఇంటి తలుపు కిర్రుమంది. నూకమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కూతురి వంక చూస్తూ, ఇంత చిన్నగా తల అడ్డంగా ఊపింది.

చిలకమ్మ అటే చూస్తూ, సందు చివరిదాకా వినపడేలా చెప్పింది.

“మా అమ్మ. నూకమ్మ.”