ఒంటికన్ను కెప్టెన్

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టేసరికి ఐదో తరగతిలో అందరి బెంచీల మీదా కాగితం కవర్లున్నాయి. గోరింక బెంచీ ఖాళీగా ఉంది.

ఆ పిల్లకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరు. నోరు మూయదు కాబట్టి బళ్ళో గోరింక అన్నారు. ఇంట్లోనూ అదే స్థిరపడింది.

"మూడు రోజుల నుంచి చెప్తున్నాను," అంది క్రాఫ్ట్ టీచర్. "కవరు లేనివాళ్ళు కూర్చుని చూడండి. రేపు పదింటికి ఒకటో తరగతి పిల్లలకు సముద్రపు దొంగల బొమ్మలాట. అందరికంటే బాగా చేసినవాళ్ళ బొమ్మే కెప్టెన్."

"మా ఇల్లు వెనక వీధే టీచర్! ఇప్పుడే వెళ్ళి తెచ్చేస్తాను."

"తేవడం చేత్తోనా, నోటితోనా?" అన్నాడు పక్కనున్న సోడాబుడ్డి. వాడివి దళసరి కళ్ళద్దాలు.

గోరింక అప్పటికే గేటు దాటింది.

అమ్మానాన్నా పని మీద పొరుగూరు వెళ్ళారు. ఇంట్లో తాతయ్య ఒక్కడే ఉన్నాడు. ఆయన వడ్రంగి. ఇంటి ముందు షెడ్డులో రంపం మెషిన్ తిరుగుతోంది. ఆ చప్పుడులో మనవరాలు రావడం ఆయన వినలేదు.

వంటింటి అలమరలో రెండు తెల్ల కవర్లు బల్లపరుపుగా ఉన్నాయి. ఒకదాని మడత మీద సూర్యుడు, రెండోదాని మడత మీద నెలవంక. మందుల షాపాయన గీసి ఇచ్చాడు. తాతయ్యకు చిన్న అక్షరాలు ఆనవు. పొద్దున సూర్యుడి కవరులోంచి రక్తపోటు బిళ్ళ, పడుకునే ముందు చంద్రుడి కవరులోంచి నిద్ర బిళ్ళ. ఆయన కవరు చూసి వేసుకునేవాడు, బిళ్ళ చూసి కాదు.

"పెద్దాయనా, నిద్ర బిళ్ళ వేసుకుని మెషిన్ దగ్గరికి వెళ్ళావంటే, తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది," అని షాపాయన చెప్పినప్పుడు గోరింక పక్కనే ఉంది. ఆ రోజు నవ్వింది కూడా.

రెండు కవర్లలోనూ తెల్ల బిళ్ళలే. రెండూ మందులే కదా అనుకుంది. చంద్రుడి కవరులో ఉన్నవన్నీ సూర్యుడి కవరులో పోసేసింది. ఖాళీ కవరు మడిచి జేబులో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ షెడ్డు గుమ్మంలో ఉన్న బంక బ్రష్ కూడా తీసుకుంది.

క్లాసులో టీచర్ తన కవరు పైకెత్తి చూపించింది. "తలకిందులు చేయండి. మడిచిన అడుగు పైకొస్తుంది చూశారా? అదే మొహం. ఆ మడత కింది అంచు నోరు. చెయ్యి లోపల పెట్టి వేళ్ళు ఆడిస్తే మీ దొంగ మాట్లాడతాడు."

నెలవంక సరిగ్గా కన్ను ఉండాల్సిన చోటే ఉంది. గోరింక దాని మీద నల్ల కాగితం అతికించింది. ఒంటికన్ను దొంగ తయారయ్యాడు. నెలవంక కింద ఏవో చిన్న అక్షరాలున్నాయి. వాటి మీద నల్ల ఉన్నితో మీసం పెట్టింది. నెత్తికి ఎర్ర గుడ్డ చుట్టింది.

"ఒరేయ్! నా బంగారం ఎక్కడ దాచావురా?" అంది దొంగ గొంతుతో. మీసం పైకీ కిందికీ ఎగిరింది.

"అమ్మో, ఈ మీసం నీకంటే ఎక్కువ వాగుతోందే," అన్నాడు సోడాబుడ్డి.

టీచర్ బొమ్మలన్నీ చూసింది. గోరింక దొంగనే కెప్టెన్ చేసింది.

సాయంత్రం అన్నాలయ్యాక తాతయ్య అలమర తెరిచాడు.

"గోరింకా, రాత్రి కవరు ఏది?"

"ఏమో తాతయ్యా."

"తీశావా?"

"లేదు."

ఆయన సూర్యుడి కవరు చేతిలో కుమ్మరించుకున్నాడు. బిళ్ళలు ఎక్కువగా ఉన్నాయి. దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు. అన్నీ తెల్లవి, గుండ్రటివి, ఒకే సైజువి. కొన్నిటి మీద సన్నటి గీత ఉంది. కొన్నిటి మీద లేదు. సూర్యుడి కవరు మీద బొమ్మ తప్ప రాతేమీ లేదు.

"వెళ్ళి మందుల షాపాయన్ని పిలుచుకురా."

గోరింక వెళ్ళింది. షట్టర్ మూసి ఉంది. 'ఎల్లుండి తెరుస్తాం' అని కాగితం అంటించి ఉంది. తిరిగొచ్చి అదే చెప్పింది. బొమ్మ సంగతి చెప్పలేదు. సంచిని మంచం కిందికి తోసి పడుకుంది.

తెల్లారి లేచేసరికి తాతయ్య వంటింట్లో కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రపోలేదా తాతయ్యా?"

"బిళ్ళ లేకుండా ఎలా వస్తుంది? తొమ్మిదింటికి తలుపులకు బండి వస్తుంది. ఇంకా రెండు చెక్కలు కోయాలి." ఆయన కవరు చేతిలోకి తీసుకున్నాడు. "రక్తపోటు బిళ్ళ మాత్రం మానకూడదన్నాడు షాపాయన. గీత ఉన్నదే అనుకుంటా."

గీత ఉన్న బిళ్ళ ఒకటి అరచేతిలో పెట్టుకున్నాడు. రెండో చేత్తో నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

కాదేమో అనుకుంది గోరింక. అవునేమో కూడా. తనకు తెలియదు. తెలిసింది ఒక్కటే. మీసం కింద అక్షరాలున్నాయి.

బొమ్మ పాడైతే కెప్టెన్ ఉండడు. బొమ్మలాటకు మూడు గంటలే ఉంది.

తాతయ్య చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది.

"వద్దు! ఆగు తాతయ్యా!"

మంచం కింద నుంచి సంచి లాగింది. బొమ్మను బయటికి తీసి మీసం పీకింది. ఉన్నితో పాటు అక్కడక్కడా కాగితం పొర కూడా లేచింది. నల్ల పట్టీ లాగితే చంద్రుడు సగం ఊడి వచ్చాడు. అక్షరాలు మిగిలాయి. గోరింక గట్టిగా చదివింది.

"గీత ఉన్న బిళ్ళ. పడుకునే ముందు ఒకటి."

తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. అరచేతిలో ఉన్న బిళ్ళ వైపు చూశాడు. దాన్ని తీసి వేరే గిన్నెలో వేశాడు. గీత లేనిది ఒకటి ఏరి వేసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నిన్న నేను అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"షాపుకు పంపినప్పుడు?"

"తెలుసు."

ఆయన ఫరవాలేదు అని అనలేదు. కూర్చుని బిళ్ళలన్నీ రెండు గిన్నెల్లోకి ఏరాడు. గోరింక సాయం చెయ్యబోతే ఆ పిల్ల చెయ్యి పక్కకు జరిపాడు.

షెడ్డులోకి వెళ్ళి మెషిన్ ప్లగ్గు పీకేశాడు. "నిద్రలేని చేత్తో రంపం ముట్టను," అన్నాడు, గోరింకతో కాదు, చెక్కతో అన్నట్టు. గరుకు కాగితం తీసుకుని తలుపు అంచు రుద్దడం మొదలుపెట్టాడు. బండివాడికి తలుపులు అందవని గోరింకకు అర్థమైంది.

బళ్ళో సోడాబుడ్డి బొమ్మను చూసి అద్దాలు సర్దుకున్నాడు.

"కెప్టెన్‌ని ఏనుగు తొక్కిందా ఏంటి?"

గోరింక చిరుగును అరచేత్తో కప్పింది. వాడు గొంతు తగ్గించాడు. "కుక్క చింపిందని చెప్పు. టీచర్ జాలిపడుతుంది."

"మాకు కుక్క లేదు."

"లేకపోతే ఏం? టీచర్ వచ్చి చూస్తుందా?"

గోరింక టీచర్ దగ్గరికి వెళ్ళింది. "నేనే చింపాను టీచర్. ఇది మా తాతయ్య మందుల కవరు. అడక్కుండా తెచ్చాను. అడిగితే తీయలేదన్నాను."

టీచర్ బొమ్మ చిరిగిన మొహం చూసింది. "తాతయ్య బాగున్నారా?"

"బాగున్నారు. పని ఆగిపోయింది."

"సరే. కెప్టెన్ సోడాబుడ్డి దొంగ. నువ్వు సముద్రం పట్టుకో."

సముద్రమంటే నీలం దుప్పటి. ఆటంతా గోరింక ఒక మూల పట్టుకుని ఊపింది. ఒకటో తరగతి పిల్లలు కెప్టెన్‌కి చప్పట్లు కొట్టారు. సముద్రానికి ఎవరూ కొట్టలేదు.

సాయంత్రం పుస్తకాలు తీస్తుంటే సంచి అడుగున బంక బ్రష్ చేతికి తగిలింది. కుచ్చు రాయిలా గట్టిపడింది. పారేస్తే ఎవరికీ తెలియదు. షెడ్డులో అలాంటివి ఇంకో నాలుగున్నాయి.

బ్రష్ తీసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది. తాతయ్య తలుపుకు బంక రాయడానికి డబ్బా మూత తీస్తున్నాడు.

"తాతయ్యా, నీ బ్రష్. నిన్న నేనే తీసుకెళ్ళాను. కడగలేదు. ఎండిపోయింది."

ఆయన తల తిప్పాడు. "నేనింకా అడగలేదుగా."

"అందుకే చెప్తున్నా."

ఆయన బ్రష్ కుచ్చు మీద గోటితో గీకి చూశాడు. వెనక్కి ఇచ్చేశాడు.

"పొయ్యి మీద వేడినీళ్ళున్నాయి."

గోరింక చెంబు నిండా నీళ్ళు తెచ్చి తలుపు పక్కన కూర్చుంది. బ్రష్ ముంచింది. బంక కరగడానికి చాలాసేపు పట్టింది. వెంట్రుకలు ఒక్కొక్కటే విడిపోయేదాకా వేళ్ళతో నలుపుతూనే ఉంది. తాతయ్య ఇంకో బ్రష్ అందుకోలేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టి, ఈ బ్రష్ కోసం ఆగాడు.