పదో ఇన్నింగ్స్

సౌదీలోని ఖఫ్జీ ఊరి చివర, సముద్రపు గాలి అడ్డూ ఆపూ లేకుండా కొట్టే చోట, చమురు కంపెనీ క్యాంపులో ఒక పాత బేస్‌బాల్ గ్రౌండ్ ఉంది. ఎప్పుడో జపాన్ ఇంజినీర్లు సరదాపడి వేయించుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఫిలిప్పీన్స్ వాళ్ళు శుక్రవారాల్లో ఆడుకున్నారు. ఎవరు ఆడినా గ్రౌండుకు చాకిరీ చేసింది మాత్రం హన్మాండ్లే. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి మీసాలు సరిగ్గా మొలవని వయసులో వచ్చి, ఆ మట్టికి నీళ్ళు చల్లుతూ, సున్నం గీతలు గీస్తూ, ఆ ఆట పిచ్చిలో పడ్డాడు.

క్యాంపులో తెలుగువాళ్ళంతా క్రికెట్ కోసం టీవీ ముందు గుమిగూడితే ఇతను మూతి ముడుచుకుని లేచిపోయేవాడు. చెరి సమానమైతే చేతులు కలుపుకుని ఇంటికి పోయేది కూడా ఒక ఆటేనా అని ఎగతాళి చేసేవాడు. బేస్‌బాల్‌లో ఆ పప్పులుడకవు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక పరుగులు సమానంగా ఉంటే పదోది ఆడాలి. అప్పటికీ తేలకపోతే పదకొండోది. ఎవరో ఒకరు ఓడేదాకా ఆట ఆగదు. ఆ ఆగకపోవడమే అతనికి ప్రాణం.

ఇప్పుడు గ్రౌండ్ పోతోంది. రేపు పొద్దున్నే బుల్డోజర్ వస్తుంది, అక్కడ పైపులు పేర్చుకునే యార్డు చేస్తారు. హన్మాండ్లు పాస్‌పోర్టు మీద కూడా ఇక ఇంటికి పొమ్మని ఎగ్జిట్ ముద్ర పడింది. ఇద్దర్నీ ఒకేసారి సాగనంపుతున్నారని మెస్సులో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ అన్నం సహించక ప్లేటు పక్కన పెట్టేశాడు.

చివరిసారి చూసుకోవడానికి మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు. ఎండాకాలంలో ఆ వేళ బయట పని చేయించకూడదని సర్కారు నియమం. క్యాంపంతా ఏసీల కింద పడుకుని ఉంది. సున్నం బండి తోసుకుంటూ వెళ్ళి, బ్యాటు పట్టి నిలబడే హోం ప్లేటు నుంచి కంచె దాకా గీత గీశాడు. పొద్దున్నే చెరిగిపోయే గీత. అయినా వంకర లేకుండా గీశాడు. ఖాళీ గ్యాలరీ బెంచీలను చేత్తో తడిమితే కాలింది. ఏడుపొచ్చింది. ఇంట్లో మనిషి పోయినా ఇంత ఏడుస్తానో లేదో అనుకున్నాడు. ఆ మాట మనసులోకి రాగానే తనమీద తనకే రోత పుట్టింది, ఎందుకంటే మనిషి పోయినప్పుడు అతను ఏడవలేదు.

పోయినవాడు లింబాద్రి. ఒకే ఊరివాడు. వీసా తెప్పించి హన్మాండ్లే వెంటబెట్టుకుని వచ్చాడు. గ్రౌండు చివర స్కోరు బోర్డు ఉంది, అది లైట్లతో వెలిగేది కాదు. రేకుల గది, లోపల ఒక మనిషి నిలబడి అంకెల పలకలు మేకులకు తగిలించాలి. గాలికి తలుపు కొట్టుకుంటే పలకలన్నీ రాలిపోతాయని బయటి నుంచి గొళ్ళెం పెట్టేవారు. బయట కుర్చీలో హన్మాండ్లు. పరుగు వచ్చినప్పుడల్లా కర్రతో రేకు మీద ఒక దెబ్బ. లోపలివాడికి బయటికి రావాలనిపిస్తే మూడు దెబ్బలు. వాళ్ళిద్దరి ఏర్పాటది.

రెండేళ్ళ కింద ఆగస్టులో ఫైనల్ మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు సమానం. పదోది మొదలైంది. లోపలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. హన్మాండ్లు విన్నాడు. బంతి గాలిలో ఉంది. ఈ ఒక్కటి అయిపోనీ అనుకున్నాడు. మళ్ళీ మూడు దెబ్బలు, ఈసారి మెల్లగా. ఈ ఒక్కటి అయిపోనీ. ఆ తర్వాత ఇక కొట్టలేదు. తలుపు తీసేసరికి లింబాద్రి పలకల మీద ఒరిగి ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఊపిరి లేదు.

ఆట అయిపోయాక నిద్ర కోసం వాడే మళ్ళీ లోపలికి దూరాడని, గాలికి తలుపు బిగుసుకుపోయిందని హన్మాండ్లు అందరికీ చెప్పాడు. లింబాద్రి భార్య పోశమ్మకూ అదే చెప్పాడు. ఆమె నమ్మింది. పని ఎగ్గొట్టి పడుకుని చచ్చాడని ఊరంతా అంటుంటే తలవంచుకుని విన్నది. హన్మాండ్లును మాత్రం తోడబుట్టినవాడిలా చూసుకుంది. వస్తూ వస్తూ ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఏదైనా పట్టుకురా అన్నా అని మొన్న ఫోనులో అడిగింది.

అందుకే బోర్డు దగ్గరికి వెళ్ళాడు. అప్పటినుంచి ఆ గదిలో కాలు పెట్టలేదు. గొళ్ళెం తీసి వంగి లోపలికి దూరాడు. తుప్పు వాసన, దుమ్ము వాసన. వాటి కింద కొబ్బరినూనె వాసన. లింబాద్రి తలకు రాసుకునేది.

మూలన ఒక పలక బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే సున్నా. దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడే వెలుతురు తగ్గింది. రేకుల సందుల్లోంచి చూస్తే ఆకాశం ఇటుక రంగుకు తిరిగి ఉంది. దుమ్ము తుఫాను. క్షణంలో పట్టపగలు చీకటైంది. గాలి ఊళ వేసింది. తలుపు దభాలున మూసుకుంది.

గాలికేలే అనుకున్నాడు.

బయట గొళ్ళెం జరిగిన చప్పుడు... మెల్లగా, కిర్రుమంటూ, చివరిదాకా.

గాలి గొళ్ళెం పెట్టదు.

తలుపును భుజంతో నెట్టాడు. కదల్లేదు. ఫోను మంచం మీద చార్జింగులో వదిలి వచ్చాడు. ఒళ్ళంతా చెమట. రేకు మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుపోతోంది. నోట్లో ఇసుక కరకరమంది.

ఠంగ్.

రేకు మీద ఒక దెబ్బ. ఎదురుగా, కుర్చీ ఉండే వైపు నుంచి.

పరుగు.

హన్మాండ్లు రేకు సందుకు కన్ను ఆనించాడు. కాసేపటికి మళ్ళీ... ఠంగ్. ఎవరో ఆట చూస్తున్నారు. ఆ దుమ్ములో, ఆ ఖాళీ గ్రౌండులో.

పిడికిలి బిగించి మూడుసార్లు కొట్టాడు.



మళ్ళీ మూడుసార్లు. కళ్ళ ముందు చుక్కలు. కొబ్బరినూనె వాసన ముక్కుపుటాల దాకా వచ్చింది. రేకుకు అవతల, సరిగ్గా అతని చెవి దగ్గర, ఎవరో నింపాదిగా అన్నారు.

"ఈ ఒక్కటి అయిపోనియ్యే, అన్నా..."

ఆ మాట హన్మాండ్లు ఆ రోజు పైకి అనలేదు. మనసులోనే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇన్న తమ్మీ," అన్నాడు రేకుకు నోరు ఆనించి. "నువ్వు కొట్టింది ఇన్న. రెండుసార్లు ఇన్న. పోశమ్మకు చెప్త... నువ్వు పండుకోనీకి పోలేదని చెప్త. తలుపు తియ్యి."

గొళ్ళెం జరిగింది.

బయట ఎవరూ లేరు. దుమ్ము పలచబడుతోంది. అంత గాలికీ అతను గీసిన సున్నం గీత చెక్కు చెదరలేదు. ఎప్పుడూ గ్రౌండు వైపు ఉండే కుర్చీ మాత్రం బోర్డు వైపుకు తిరిగి ఉంది. హన్మాండ్లు వెనక్కి చూడకుండా క్యాంపులోని తన గదికి పరుగెత్తాడు. గ్రౌండుకు చివరి దండం పెట్టుకోవాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

పలకను తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో బట్టల కింద పెట్టాడు. పొద్దుగుంకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపిస్తుండగా పోశమ్మకు ఫోను చేశాడు. వస్తువు దొరికిందని చెప్పాడు. ఆమె ఏడ్చింది. నీ రుణం తీర్చుకోలేను అన్నా, కడుపున పుట్టినోళ్ళు కూడా ఇంత చేయరు అన్నది. ఇప్పుడే చెప్పాలి. చెబితే ఇక ఆ ఊళ్ళో తల ఎత్తుకోలేడు. విమానం దిగాక, మొహం చూసి చెబుతానులే అనుకున్నాడు. ఒక్క రోజే కదా.

"అన్నా, తలుపు ఎవరు కొడుతున్నరు?" అన్నది పోశమ్మ.

హన్మాండ్లుకు ఏమీ వినపడలేదు. అయినా మాట దానంతటదే వచ్చేసింది, అప్పట్లాగే. "గాలి, చెల్లె."

"నీ దిక్కు కాదన్నా. ఈడ, మా ఇంటి తలుపు. ఇక్కడ గాలే లేదు, ఆకు గూడ కదుల్తలేదు." ఆమె గొంతు తగ్గించింది. "మూడుసార్లు కొడుతున్నరు... ఆగుతున్నరు... మల్ల మూడుసార్లు. గొళ్ళెం తియ్యమంటవా, అన్నా?"

హన్మాండ్లు ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

ఫోనులోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది.