పది రెట్ల తొందర

"డ్యామ్ గేట్లు నడిపే కంప్యూటర్‌లో ఫోర్ట్రాన్ కంపైలర్‌ని ఎవరో మార్చేశారు. ఎవరు, ఎందుకు? ఇవాళే తేల్చు," అన్నాడు చీఫ్.

ఫోర్ట్రాన్ అంటే ఏమిటో ఏజెంట్‌కి తెలియదు. అయినా తల ఊపాడు. తెలియదన్నవాడికి ఆ డిపార్ట్‌మెంటులో ప్రమోషన్ రాదు.

ఎలక్ట్రీషియన్ వేషం, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్, చంకలో సైలెన్సర్ పిస్టల్. కంట్రోల్ రూమ్‌లోకి జొరబడ్డాడు. కన్సోల్ ముందు ఎర్ర లిప్‌స్టిక్, నల్ల గ్లవ్స్. విదేశీ ముఠాకీ మనకీ పనిచేసే డబుల్ ఏజెంట్, కోడ్ నేమ్ 'గోడమీది పిల్లి'. ఇన్నాళ్లూ ఎవరూ చూడని ఆ ముఖం ఇటు తిరిగింది.

సొంత మరదలు!

"హ్యాండ్సప్!"

"ఆలస్యమైంది బావా. పాత కంపైలర్‌లో సిస్టమ్ క్లాక్ సెకనుకి వెయ్యి లెక్కపెట్టేది. కొత్తదాంట్లో పదివేలు. ప్రోగ్రామ్‌కి ఆ సంగతి తెలీదు. గంట తర్వాత లేవాల్సిన గేటు ఆరు నిమిషాలకే లేస్తుంది. నీళ్లు పడేది ఖాళీ సొరంగంలోకేగా, టర్బైన్ పోతుందంతే."

"ఖాళీ ఏంటే! ఇన్‌స్పెక్షన్‌కి మీ అక్క దిగింది అందులోకి!"

ఆమె ముఖంలో లిప్‌స్టిక్ ఒక్కటే ఎర్రగా మిగిలింది.

"ఆపు!"

"స్టాప్ వైరు నేనే కోసేశాను. పాస్‌వర్డ్ ముఠా దగ్గరుంది."

"కంప్యూటర్‌ని కాల్చేస్తే?"

"అది ఆగితే గేటు దానంతటదే లేస్తుంది. ఏదో ఒకటి చెయ్యి బావా!"

సొరంగంలోకి ఫోన్ అందదు. పరిగెత్తినా అందుకోలేడు. ఇంత ట్రైనింగూ పొంది, కట్టుకున్నదానికి ఒక్క కేక వినిపించలేకపోతున్నాడు. ఏడుపొచ్చింది.

"ఒక్కటే ఆశ," అంది మరదలు. "ఈ కౌంటర్ స్కూటర్ మీటర్ లాంటిది. నిండితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంత స్పీడుకి రెండున్నర రోజుల్లో నిండుతుంది. మెషీన్ ఆన్ చేసి అంతే అయింది. గేటు కంటే ముందు నిండితే, గడిచిన టైము మైనస్‌లో పడుతుంది. గేటు లేవదు."

"తర్వాత నిండితే?"

ఆమె స్క్రీన్ మీద పరిగెడుతున్న కౌంటర్ వైపు తిరిగింది.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అంకెల్ని చూస్తూ ఉండిపోయారు. కింద గేటు మోటారు వేడెక్కుతూ మూలిగింది. హెచ్చరిక లైటు వెలిగింది. ఏజెంట్ కళ్లు మూసుకున్నాడు.

మోటారు చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి కౌంటర్ మొదటికొచ్చి ఉంది. గేటు అంగుళం కదల్లేదు.

మరదలు నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ చేతులకే అతను బేడీలు వేశాడు.

కాసేపటికి బురద బూట్లతో భార్య పైకొచ్చింది. "ఏమే, నువ్వెప్పుడొచ్చావు? ఆ బేడీలేంటి? ఏవండీ, ఏమైంది?"

ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ గొంతు మోగింది.

"శభాష్! ఎలా ఆపావు?"

"చూస్తూ నిలబడ్డాను సార్."

చీఫ్ రిపోర్టులో 'అప్రమత్తమైన నిఘా' అని రాసుకున్నాడు.